అరిచేదాకా ఇడువొద్దు

చండ్రుగొండ దాటి అడివిల పడ్డంక ఎడమదిక్కు ఒక తునికాకు షెడ్డుంటది. ఎండకాలం ఆకు కోసే రోజులు తప్ప ఏడాదంతా ఖాళీ. పొద్దుగూకితే గాడ ఆగే మొగోడు లేడు. ఆకు కట్టలు కట్టుకుంట ఆదెమ్మ అనే ఆమె పాము కరిచి గాడనే పోయింది — అప్పటిసంది ఆ షెడ్డుల పండుకున్నోళ్ళ మీద చెయ్యొకటి పడుతదంట.

దానికి ఉపాయం గూడ చెప్తరు మా దిక్కు. చెయ్యి పడితే ఉరకొద్దు. మణికట్టు పట్టి నిప్పుల పెట్టాలె. అది అరిచేదాకా ఇడువొద్దు... ముందే ఇడిస్తే మెడ పిసుకుతదంట.

నేనైతే నమ్మ. గిసొంటియి నమ్మేటోళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతది. గానీ మా ఊర్ల ఆటో నడిపే కోటేష్ అబద్ధమాడడు. వాని బావ పగిడయ్య సంగతి వాడే చెప్పిండు.

పగిడయ్య వెదురు తడకలు అల్లి బతికేటోడు. బొంగు చీలుస్తుంటే కత్తి జారి కుడిచేతి నరాలు తెగినయ్. ఆ చెయ్యి ఎదకు అదుముకొని దవాఖానకు ఉరికిండు. అక్కడ మెడకూ భుజానికీ నడుమ సూదేసిండ్రు. ఆ సూదికి మనిషి మెలకువగనే ఉంటడు, ముచ్చట్లు గూడ చెప్తడు — చెయ్యొక్కటే మొద్దుబారిపోతది. తెగిన నరాలు కలిపి కుట్టి, కట్టు కట్టి, చెయ్యిని మెడకు జోలెల ఏసిండ్రు.

"వేళ్ళు దక్కినయ్, మళ్ళీ తడకలు అల్లుకోవచ్చు," అన్నది డాక్టరమ్మ. "ఈ రాత్రి ఇక్కడే ఉండు. తెల్లారేదాకా ఆ చెయ్యి కోసినా కాలినా నీకు తెలియదు."

వింటే గదా! ఇంటికి పోదామని ఒకటే లొల్లి. ఏం చేస్తడు కోటేష్, ఆటో తీసిండు.

వాన... సరిగ్గ ఆ షెడ్డు కాడనే ఆటో బురదల దిగబడ్డది. కోటేష్ బావను షెడ్డుల పండబెట్టి, దోమలకని పక్కన నిప్పు రాజేసి, ట్రాక్టర్ కోసం గూడేనికి బయల్దేరిండు.

"జల్దీ వస్త బావా. చెయ్యి జోలెల నుంచి తియ్యకు."

పగిడయ్యకు కునుకు పట్టింది.

కండ్లు తెరిచేసరికి చిమ్మచీకటి. నిప్పులొక్కటే ఎర్రగ... మెడ మీద ఏదో బరువు.

ఎడమచేత్తో తడిమిండు. వేళ్ళు! వదులుగ, పానం లేనట్టు వేలాడుతున్నయ్. మణికట్టు చుట్టూ తడిగుడ్డ — శవానికి చుట్టినట్టు.

తన కుడిచెయ్యా అంటే, అది ఎద మీద మడిచే ఉంది. ఉన్నట్టు తెలుస్తనే ఉంది.

"ఆదెమ్మా..." అన్నడు, మెల్లగ.

మణికట్టు ఒడిసిపట్టిండు. గుంజి నిప్పుల పెట్టిండు.

అరవలే.

ఇంకింత నొక్కిండు. చుయ్యిమన్నది. మాడు వాసనొచ్చింది... అరవలే. మోకాలేసి నొక్కిండు. "అరువ్... అరువే..." పండ్లు కొరుక్కుంట గుసగుసలాడుతనే ఉన్నడు.

కోటేష్ టార్చి ఏసుకుంట వచ్చేసరికి పగిడయ్య ఒళ్ళంత చెమట. అయినా నవ్వుతుండు!

"దొరికిందిరా కోటేశూ! ఎంతకూ అరుస్తలేదు. జర నువ్వు గూడ నొక్కు."

కోటేష్ టార్చి కిందికి తిప్పిండు.

"బావా... ఇడువు. గది నీ చెయ్యి."

"నాదెట్లయితదిరా? నాది గిదిగో, ఎద మీదుంది. నాకు తెల్వదా?"

ఎద మీద ఉత్త జోలె ఉంది. సూది మందు ఎక్కేటప్పుడు చెయ్యి ఎట్లుంటదో, మందు దిగేదాకా అట్లనే ఉన్నట్టు అనిపిస్తదంట కొందరికి. ఆ చీకట్ల, ఆ పిచ్చి మనిషికి ఈ ముచ్చట ఎవడు చెప్పాలె?

కోటేష్ మీద పడి గుంజబోయిండు. పగిడయ్య వాని పొట్టల తన్నిండు.

"ముందు అరవనియ్‌రా," అనుకుంట, ఆ నల్లబడ్డ వేళ్ళను నిప్పుల ఇంకా లోపలికి నూకిండు.