చెకింగ్ చార్జి కట్టేది లేదు

మా మనవరాలు పద్మలత మొదటిరోజు ఆ పిల్లవాణ్ణి పన్నెండుసార్లు "అన్నా" అని పిలిచింది. వేళ్లు ముడిచి లెక్కపెట్టాను కాబట్టి గుర్తుంది. ప్రేమకథలో హీరోని అన్నా అని పిలవడమేమిటని మీరనవచ్చు. ఆ రోజుకు అది ప్రేమకథ అని ఎవరికి తెలుసు? అప్పటికి అది ఎంబ్రాయిడరీ మిషన్ కథ మాత్రమే.

మడికొండలో కొత్త ఇళ్ల మధ్య ఒక షట్టర్ గది అద్దెకు తీసుకుని పద్మలత జాకెట్ల మీద డిజైన్లు కుడుతుంది. దసరా ముందర మహిళా సంఘంలో లోను తీసి కంప్యూటర్ మిషన్ కొన్నది. ఏడాది వారంటీ. కొని నలభై రోజులు కాలేదు, సగం నెమలిని కుట్టి, మెడ దగ్గరికి రాగానే ఆగిపోయింది. స్క్రీన్ నల్లబడింది. అప్పటికి ఒకే పెళ్లివాళ్ల జాకెట్లు పద్దెనిమిది ఆమె దగ్గరున్నాయి. పెళ్లికి పదహారు రోజులుంది. ఆ పద్దెనిమిదీ అందకపోతే ఆ కాలనీలో ఇంకెవరూ ఆమెకు గుండీ కుట్టే పని కూడా ఇవ్వరు.

మిషన్‌ను ట్రాలీ ఆటోలో ఎక్కించి, నేను దాన్ని మనవణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని, హన్మకొండ సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోయాం. కౌంటర్ దగ్గర సేటు ఓంప్రకాశ్. వెనకాల బల్ల దగ్గర నీలం ఆప్రాన్ వేసుకున్న పిల్లవాడు. జేబు మీద "సారంగ్" అని పేరు.

"అన్నా, జర తొందరగ చూడన్నా. పెండ్లి ఆర్డరన్నా. స్క్రీన్ వస్తలేదన్నా."

"చూస్త మేడం. రెండు దినాలు."

"రెండు దినాలు ఎందుకన్నా?"

అతను మిషన్ వైపు చూడాల్సింది పోయి ఆమె వైపు చూశాడు. వాళ్లు కాగితం రాసుకునే లోపు నాకు తోచక సేటుకు ఒక ముచ్చట చెప్పాను. మా ఊళ్లో నా రేడియో బావిలో పడితే మూడు రోజులు నీళ్లలోంచే పాటలు పాడిందనీ, కప్పలు చుట్టూ చేరి కోరస్ అందుకున్నాయనీ చెప్పాను. సేటు నవ్వలేదు. దాంతో నాకు పౌరుషం వచ్చింది.

"మా మిషన్ గూడ గట్లాంటిదే. మొన్న తుఫాను వానకు షట్టర్ల మోకాళ్ల లోతు నీళ్లు. మిషన్ పడవ లెక్క తేలుకుంట కుట్టింది" అన్నాను.

సేటు పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. ముచ్చట నచ్చి దాచుకుంటున్నాడనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పోతే సారంగ్ ముఖం కిందికి వేసుకుని ఉన్నాడు.

"మేడం, లోపల నీళ్లు పోయినయ్. వారంటీ రాదు. బోర్డు మార్చాలె, పద్దెనిమిదిన్నర వేలు. వద్దంటే చెకింగ్ చార్జి ఐదు వందల తొంబై కట్టి మిషన్ తీస్కపోవచ్చు."

"నీళ్లే తగల్లే దానికి. ఎట్ల పోతయన్నా?"

అతను ఫోన్‌లో ఫొటో చూపించాడు. బోర్డు పక్కన కంపెనీవాళ్లు తెల్లటి గుండ్రటి స్టిక్కర్ అతికిస్తారట. నీటి చుక్క తగిలితే చాలు, అది ఎర్రబడుతుందట. ఫొటోలో అది నిప్పులా ఎర్రగా ఉందని పద్మలత ముఖం చూస్తేనే తెలిసింది. నా కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి, నాకు ఫొటో అలికినట్టు కనబడింది.

"ఇండికేటర్ అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు ఓంప్రకాశ్. ఆపైన కాగితం తీసి చదివాడు. "కస్టమర్ తాతగారి మాట. మోకాళ్ల లోతు నీళ్లు. మిషన్ పడవలాగ తేలినది."

పద్మలత మెల్లగా నా వైపు తిరిగింది.

"తాతా."

"ఆఁ బిడ్డా."

"ఏమన్నవ్ నువ్వు?"

"ముచ్చట చెప్పిన."

"సేట్, మా తాత కోతలు రాసుకుంటరా? రేడియో బాయిల పడ్డదన్నడా? మా ఇంట్ల రేడియోనే లేకుండె. మా షట్టర్ నాలుగు మెట్ల మీద ఉంటది, వచ్చి చూడుండ్రి."

"రూల్ రూలే అమ్మా. చార్జి కట్టు, మిషన్ తీస్కపో."

"బాగు చెయ్యనిదానికి పైసలెందుకు?"

"చూసినందుకు మేడం" అన్నాడు సారంగ్, నేలకేసి చూస్తూ.

"చూసినందుకు పైసలా? నువ్వు నన్ను అరగంట సంది చూస్తానవ్. నేనెంత తీసుకోవాలె?"

ఆ పిల్లవాడి చెవులు ఎంత ఎర్రబడ్డాయంటే, వాళ్ల స్టిక్కర్ పక్కన పెడితే స్టిక్కరే వెలవెలబోయేది. ఇది మాత్రం కోత కాదు. ఆ రోజుతో "అన్నా" కూడా పోయింది. కోపంతోనే పోయిందనుకోండి, పోవడం మాత్రం పోయింది.

అక్కడి నుంచి మా బతుకు ఫోన్ల పాలైంది. కంపెనీ నంబరుకు చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటుంది. నొక్కితే ఒక సన్నాయి పాట వస్తుంది. ఆ పాట ఎంతసేపు విన్నానంటే నిద్రలో కూడా నా ముక్కు అదే వాయించేది. చివరికి ఒకామె వచ్చి సర్వీస్ సెంటర్‌ను అడగమంటుంది. సర్వీస్ సెంటర్ సేటేమో కంపెనీని అడగమంటాడు. నడుమ మా నెమలి మెడ లేకుండా ఎదురుచూస్తోంది.

సాయంత్రం కాగానే సారంగ్ దగ్గరి నుంచి ఫోన్ వచ్చేది.

"మేడం, ఇంకా ఏం కాలే. అదే చెప్దామని చేసిన."

"ఏం కానిదానికి ఫోనెందుకు?"

"మీరు ఎట్లయిన చేస్తరు గదా, ముందే చేసిన. ఇయ్యాల కంపెనీకి మల్లా మెయిల్ పెట్టిన. రిజెక్ట్ అన్నరు. రేపు మల్లా పెడ్త."

"రేపు గూడ రిజెక్టే అంటే?"

"ఎల్లుండి పెడ్త."

ఫోన్ పెట్టేసి పద్మలత "పనికిరాని మనిషి" అనేది. మర్నాడు ఆరు దాటినా ఫోన్ రాకపోతే గోడ గడియారం ఆగిందేమో చూడమని నన్ను స్టూలెక్కించేది.

అతని అసలు పేరు సారంగపాణి అనీ, వాళ్లది వరంగల్‌లో బట్టల దుకాణమనీ, దుకాణంలో కూర్చోమంటే వినక స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడనీ ఆమె ఒక రోజు అన్నం తింటూ చెప్పింది. చెకింగ్ చార్జి గురించి మాట్లాడే ఫోన్‌లో ఇవన్నీ ఎలా వచ్చాయని నేనడగలేదు. పచ్చిపులుసు పోసుకుని తిన్నాను.

పెళ్లి ఇంకా ఎనిమిది రోజులుందనగా పద్మలత తెగించింది. "చార్జి కట్టనే కట్ట. మిషన్ నా ముంగట విప్పి చూపియ్యుండ్రి. లేకపోతె గాడనే కూసుంట" అని సేటుకు ఫోన్‌లో చెప్పింది. ఆ రోజు ఒకటే వాన. ఆటో దిగి సర్వీస్ సెంటర్ మెట్లెక్కేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. సారంగపాణి పరుగెత్తుకొచ్చి టవల్ ఇచ్చాడు. నాకు కాదు.

"మేడం, మీరు తడిసిన్రు."

"అయితే నాక్కూడా వారంటీ పోయిందా?"

అతను నవ్వబోయి, సేటును చూసి మానుకున్నాడు. మిషన్‌ను కౌంటర్ మీద పెట్టి పక్కనున్న మూత తీశాడు. అది స్క్రూలు లేని మూత, వారం వారం మనమే తీసి నూనె చుక్క వేసుకునే చోటు. ఈసారి నా కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. తొంగి చూశాను.

"ఓరి, ఇది నేను పెట్టిన బొట్టే గదా" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

దసరా నాడు ఆయుధపూజకు పద్మలత మిషన్ నెత్తిన బొట్టు పెట్టింది. సాయంత్రానికి జాకెట్ బట్టకు అంటుకుంటుందని తనే తుడిచేసింది. నాకు మనసొప్పలేదు. నూనె వేద్దామని మూత తీస్తే లోపల తెల్లగా, గుండ్రంగా, సరిగ్గా బొటనవేలంత జాగా కనబడింది. కంపెనీవాళ్లు ఎంత బుద్ధిమంతులో, బొట్టుకు జాగా విడిచిపెట్టారనుకున్నాను. ఏడాదంతా ఉండాలని కుంకుమను కొబ్బరినూనెలో కలిపి నిండుగా దిద్దాను.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే తాతా?" పద్మలత నా భుజం పట్టి తన వైపు తిప్పుకుంది.

"నన్నెవలడిగిండ్రు బిడ్డా? స్టిక్కర్ అన్నరు, ఇండికేటర్ అన్నరు. బొట్టు అని ఒక్కలన్న అన్నరా?"

ఓంప్రకాశ్ చేతులు కట్టుకున్నాడు. "ఈయన మాట నేను నమ్మాల్నా? కప్పలు కోరస్ పాడినయ్ అన్న మనిషి."

పుట్టి బుద్ధెరిగాక సర్వీస్ సెంటర్‌లో నేను చెప్పిన మొదటి నిజం అది. దాన్ని ఎవరూ నమ్మలేదు. సొంత మనవరాలు కూడా అనుమానంగా చూసింది. అబద్ధమాడితే పెన్ను తీసి మరీ రాసుకున్నారు, నిజం చెబితే చేతులు కట్టుకున్నారు.

సారంగపాణి మాత్రం బల్ల దగ్గరికి పోయాడు. డ్రాయర్‌లోంచి పొడి దూది తీశాడు. స్టిక్కర్ మీద మెల్లగా ఒకసారి రుద్దాడు, రెండోసారి రుద్దాడు. దూది ఎర్రబడింది. కొబ్బరినూనె వాసన వచ్చింది. స్టిక్కర్ బయటపడింది, మల్లెపూవంత తెల్లగా.

బయట వాన, లోపల మేము నలుగురం, మధ్యలో ఆ దూది.

"సేట్" అన్నాడు సారంగపాణి. "మొదటి దినమే తుడిచి చూడవల్సింది. ఎర్రగుంటే చాలని ఫొటో తీసి పంపిన. తప్పు నాది. నీళ్లు లేవు, ఏం లేవు. పవర్ బోర్డే ఖరాబుంది. వారంటీల మారుస్తరు."

"కంపెనీకి తప్పు రిపోర్ట్ పోయింది నా పేరు మీద" ఓంప్రకాశ్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "చెకింగ్ చార్జి నీ జీతంల కోస్త."

"కొయ్యి సేట్."

"ఎందుకు కోస్తరు?" పద్మలత ముందుకొచ్చింది. "నేను కడ్త."

నేను చెవి గుబిలి తీసుకుని మళ్లీ విన్నాను. ఆరు రోజులు కంపెనీతో, సేటుతో, సన్నాయితో కూడా కొట్లాడిన మనిషి పర్సు తీసింది.

"మీరెందుకు కడ్తరు? తప్పు నాది."

"బొట్టు మా తాతది."

"తుడవంది నేను."

"పెట్టకపోతే తుడిచేదే లేకుండె. తీస్కో."

"తీసుకోను."

"ఓ సారంగపాణీ, తీసుకుంటవా లేదా?"

బ్యాడ్జి మీద లేని పేరు ఆమె నోట్లోంచి రాగానే అతని చేతిలోని దూది కింద పడింది. మిషన్‌కు వారంటీతో మళ్లీ ఊపిరి వచ్చినట్టుంది కానీ, ఆ పిల్లవాడి ఊపిరి మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఓంప్రకాశ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "నాకు చార్జి వద్దు, జీతం కోసుడు వద్దు. ఇద్దరు బయటికి పోయి చాయ్ బండి కాడ కొట్లాడుకోండ్రి. దుకాణం నడవనియ్యుండ్రి."

వాళ్లు పోయారు. ఒకటే గొడుగు. మధ్యలో జానెడు ఎడం పెట్టుకోవడంతో చెరొక భుజం తడిసింది. తిరిగి వచ్చేటప్పుడు ఎవరి భుజమూ తడవలేదు. వాన తగ్గిందా అంటే, తగ్గలేదు.

బోర్డు మూడు రోజులకు వచ్చింది. మిషన్‌ను సారంగపాణే మడికొండకు తెచ్చి బిగించాడు. నెమలికి మెడ వచ్చేదాకా కదల్లేదు. ఆ తర్వాత సాయంత్రాలు డ్యూటీ దిగి వచ్చి దారాలు మార్చి ఇచ్చేవాడు. పెళ్లికి ఒక రోజు ముందు పద్దెనిమిదో జాకెట్ ఇస్త్రీ మడతతో వెళ్లింది.

తర్వాత సారంగపాణి వాళ్లమ్మ సరస్వతి జాకెట్ కుట్టించుకోవడానికని వచ్చింది. కొలతలు సరిపోలేదని మళ్లీ వచ్చింది. మూడోసారి చెయ్యి బిగువని వచ్చింది. బట్టల దుకాణం ఇంటి మనిషికి కొలత తెలియకపోవడమేమిటని నాకర్థమై, నాలుగోసారి నేనే అడిగాను.

"అమ్మా, జాకెట్ నచ్చిందా, పిల్ల నచ్చిందా?"

"జాకెట్ వదులయింది పెద్దనాయనా" అందామె నవ్వుతూ. "పిల్ల సరిపోయింది."

మాఘమాసంలో రెండు ఇళ్లవాళ్లం మా షట్టర్ పైన మేముండే ఇంట్లోనే కూర్చుని మాట ఖాయం చేసుకున్నాం. పిల్లవాడికి బొట్టు పెట్టమని పెద్దవాణ్ణి కదా అని నన్ను పిలిచారు. నేను పాతపద్ధతి మనిషిని. కుంకుమ రాలిపోకుండా కొబ్బరినూనెలో కలిపి, సారంగపాణి నుదుట బొటనవేలితో నిండుగా దిద్దాను. నూనె కాస్త ఎక్కువైనట్టుంది, ఒక చుక్క ముక్కు మీదికి జారింది. అతను జేబురుమాలు తీశాడు.

"చెయ్యి దించు" అంది పద్మలత, పక్క నుంచి మెల్లగా. "తుడవవల్సిననాడు తుడవలే. ఇయ్యాల తుడుస్తవా?"

రుమాలు మళ్లీ జేబులోకి పోయింది.