రూత్ పేరులోని రాళ్లు

అవును, నిన్నే అంటున్నా. దిక్కులేని చోట ఏదైనా కనబడగానే "దీనికెవరున్నార్లే" అని చెయ్యి చాపుతావే, ఆ చెయ్యి కాస్త ఆపి హార్లన్ కథ విను.

అమెరికాలో, అరవై ఆరో నంబరు రోడ్డు మీద, మొహావీ ఎడారిలో, డ్రై వెల్స్ అని ఒక పాత గనుల ఊరుంది. ఊరికి ఆరు మైళ్ల ఇవతల రోడ్డు వెంట పొడుగాటి మట్టికట్ట. ఆ దారిన పోయేవాళ్లు నల్లరాళ్లు ఏరుకొచ్చి, కట్ట మీద తమ పేరు పేర్చి పోవడం అక్కడి వాడుక. ఒకరి పేరులోని రాయిని ఇంకొకరు ముట్టరు.

అటుగా పోతూ కారాపి హార్లన్ కూడా తన పేరు మొదలుపెట్టాడు. మూడక్షరాలయ్యేసరికి ఎండకు ఓపిక చచ్చింది. పక్కనే ఇసుకలో సగం కూరుకుపోయి 'రూత్' అని ఒక పేరుంది. ఆ రాళ్లతో తన పేరు పూర్తిచేద్దామని దాన్ని పెళ్లగించాడు. మండుటెండ... ఆ రాళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి.

"ఎవరిదో అది. వద్దు హార్లన్," అంది భార్య వెర్నా.

"ఏనాటి పేరో. ఇప్పుడొచ్చి అడుగుతారా ఏంటి? నువ్వు ఫోటో తియ్యి."

డ్రై వెల్స్‌లో తెరిచి ఉన్నది ముసలి ఓపల్ కాఫీ కొట్టొక్కటే. ఆమె కప్పులు నింపుతూ అడిగింది.

"మా రూత్ పేరు బాగానే ఉందా నాయనా? కరువు రోజుల్లో ఓక్లహోమా నుంచి వచ్చారు తండ్రీ కూతురూ. కారు ఆగిపోయింది. నీళ్ల కోసం నాన్న ఈ ఊరి వైపు నడిచాడు. తనెక్కడుందో తెలియాలని పిల్ల పేరు పేర్చుకుంది. ఇద్దరూ దక్కలేదు. ఇప్పటికీ పొద్దుగూకే వేళ ఆయనొస్తాడు. పేరు తడిమి, పిల్ల ఉందనుకుని, మళ్లీ ఇటే నీళ్లకొస్తాడు. ఆ పేరే లేకపోతే ఎటు పోతాడో..."

పక్క బల్ల దగ్గరి లారీ డ్రైవరు నవ్వాడు. "ఏం గురూ, మొహం మాడిందేం? రాళ్లు గానీ లేపేశావా?"

కొట్టంతా నవ్వింది. సూర్యుడింకా కొండకు బారెడు పైనే ఉన్నాడు. తప్పు ఒప్పుకుని, వెళ్లి సర్దేసినా సరిపోయేది.

"నేనా? నాకంత ఖర్మేం పట్టలేదు," అన్నాడు హార్లన్.

వెర్నా చేతిలోని చెంచా కింద పెట్టేసింది. మొగుడి మొహం చూడలేదు. అతని చెవులు కాలిపోయాయి. అయినా పరువు కోసం కదలకుండా రెండో కప్పు కూడా తాగాడు.

బయటికొచ్చాక ఇక తట్టుకోలేక కారు వెనక్కి తిప్పాడు. కట్ట దగ్గరికి చేరేసరికి పొద్దు గూకింది. గాలి ఆగిపోయింది. ఎండుచెట్ల చేదువాసన. మోకాళ్ల మీద పడి రూత్ పేరు మళ్లీ పేర్చాడు.

అప్పుడు చూశాడు... అడుగులు.

చెప్పుల్లేని పాదాలు. కట్ట చుట్టూ తిరిగి తిరిగి... ఊరివైపు పోలేదు. ఉప్పుమేటల్లోకి పోయాయి. కొంతదూరం పోయి... ఆగిపోయాయి.

"హార్లన్," కారులోంచి వెర్నా గుసగుస. "వెనక సీట్లో ఎవరో..."

సీటు ఖాళీ. కానీ గొంతు వినబడింది. దాహంతో పిడచకట్టిన పసిగొంతు.

"మా నాన్న వచ్చాడాండీ?"

వచ్చి వెళ్లిపోయాడనీ, ఆ పాపం తనదేననీ చెప్పాలి. దానికి బదులు ఇలా అన్నాడు.

"వస్తున్నాడమ్మా... ఇదిగో, వచ్చేస్తున్నాడు."

అది రెండో అబద్ధం. దానికి తొమ్మిదేళ్లు వడ్డీ కట్టాడు. ఏ ఊళ్లో ఉన్నా, జ్వరంతో ఉన్నా, పొద్దుగూకితే వెళ్లి ఆ కారులో కూర్చోవాలి. ఆ ప్రశ్న వినాలి. ఆ అబద్ధమే చెప్పాలి. వెర్నా వేరే గదికి మారిపోయింది. స్నేహితులు రావడం మానేశారు.

పదో ఏడు రాగానే హార్లన్ పోయాడు. పాతిపెట్టి వచ్చిన సాయంత్రం, తాళం వేసిన కారులోంచి వెర్నాకు ఆ పసిప్రశ్న వినిపించింది.

వెంటనే జవాబూ వినిపించింది.

హార్లన్ గొంతే.