మేడమ్ అడిగిన మోడల్ ఆన్సర్లు

"ఈ ప్రోగ్రామ్ రాసినవాణ్ణి నాలుగింటిలోగా పట్టుకోవాలి," అన్నాడు చీఫ్.

మధ్యాహ్నం పన్నెండున్నర. కాలేజీకి రెండు వీధుల అవతల జిరాక్స్ షాపు వెనక గది. కాగితాల కట్టల మధ్య గూఢచారి శాఖ బ్రీఫింగ్.

పరాయి దేశపు ముఠా ఒకటి మన కరెంటు సబ్‌స్టేషన్ల మీద కన్నేసింది. జాబితాలో తొంభై రెండున్నాయి, అన్నీ ఆసుపత్రులకు కరెంటిచ్చేవే. నాలుగింటికి అన్నీ ఒక్క దెబ్బతో ఆరిపోతాయి. ప్రోగ్రామ్ నడిచేది సరిహద్దు అవతల మెషీన్ల మీద, కాబట్టి ఇక్కడ ప్లగ్గులు పీకి లాభం లేదు. ఆదేశాలు వెళ్తున్నది మాత్రం ఈ కాలేజీ కంప్యూటర్ సైన్స్ ల్యాబ్ నుంచే.

మన ఏజెంటు రెండేళ్లుగా ఆ ల్యాబ్‌లోనే ఇన్‌స్ట్రక్టర్ వేషంలో ఉన్నాడు. పిల్లలకు ల్యాబ్ సార్. మెడలో ఐడీ కార్డు, అందులో కెమెరా. చేతిలో డస్టర్, అందులో ట్రాన్స్‌మిటర్. వేషం ఎంత బాగా కుదిరిందంటే, అతనికి నిజంగానే పాఠం చెప్పడం అలవాటైపోయింది.

చీఫ్ ప్రింటవుట్ చేతికిచ్చాడు. "రాసినవాడు మహా గట్టివాడు. మేడమ్ సాయం తీసుకో."

మేడమ్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే లెక్చరర్. నల్లకళ్లద్దాలు పెట్టుకుని కారిడార్‌లో నడిచొస్తే ఫైనలియర్ మొత్తం పుస్తకాలు మూసేసేది. ముఠా ఆవిణ్ణి తమ మనిషే అనుకుంటుంది. నిజానికి మన మనిషి, డబుల్ ఏజెంట్. ఇన్నాళ్లూ లోపలి కబుర్లు ఏజెంటుకు చేరవేసింది ఆవిడే.

ఏజెంటు మొదటి పేజీ చూశాడు. ఎక్కడో చూసినట్టుంది. రెండో పేజీకి అనుమానం తీరిపోయింది. ఆ ప్రోగ్రామ్ రాసింది తనే.

ఒక్కసారిగా రాయలేదు పాపం. ఫస్టియర్ పిల్లలకు లూపులు, సెకండియర్‌కి క్యూలు, థర్డియర్‌కి నెట్‌వర్క్ కనెక్షన్లు. "నాకు తీరిక లేదు, కాస్త మోడల్ ఆన్సర్ రాసి పెట్టవా," అని మేడమ్ అడిగినప్పుడల్లా ఆదివారాలు కూర్చుని మరీ రాసిచ్చాడు. ఎందుకంటే ఏం చెప్పమంటారు? ఆవిడంటే ఇష్టం. ఆవిడ ఆ ముక్కలన్నీ కలిపి కుట్టేసింది.

చీఫ్‌కి ఆ మాట చెప్పలేదు. సరే సార్ అని బయటపడ్డాడు. తన గదికెళ్లి పాత నోట్సులన్నీ ముందేసుకుని, తనది కాదేమో అన్న ఆశతో వరస వరసా పోల్చి చూశాడు. ఒక్క కామా కూడా తేడా లేదు. తలెత్తేసరికి మూడు నలభై.

ఆ పూట ల్యాబ్ క్లాసు లేదు. ఆఖరి వరసలో మేడమ్ ఒక్కతే కూర్చుని ఉంది. ఏజెంటు ఐడీ కార్డు తిప్పి కెమెరా ఆన్ చేశాడు.

"సిలబస్ మారిందట," అన్నాడు. కోడ్ వర్డ్.

"చాప్టర్లు అవే," అంది ఆవిడ, కన్నార్పకుండా. మన మనిషి చెప్పాల్సిన జవాబే, అక్షరం తప్పలేదు. ప్రింటవుట్ టేబుల్ మీద పెట్టాడు.

"నా చేతే రాయించావు."

"అడిగాను, రాశావు. ఎందుకని ఒక్కసారైనా అడిగావా?"

హ్యాండ్‌బ్యాగులోంచి బుల్లి పిస్తోలు బయటికొచ్చింది. నాలుగు దాటేదాకా పక్క సీట్లో బుద్ధిగా కూర్చోమంది. జాబితాలోంచి పేర్లు తీసేద్దామని చూడకు, ఆ క్యూ నువ్వు రాసిందే, వెనక చేర్చడమే తప్ప తీసేయడం కుదరదు కదా అని నవ్వింది కూడా. ఇన్నాళ్లూ ఆ నవ్వు కోసమే కదా చచ్చాడు.

గోడ గడియారం మూడు యాభై ఐదు.

"పొద్దుటి క్లాసు అటెండెన్స్ ఎక్కించాలి," అన్నాడు ఏజెంటు. "నాలుగింటికి పోర్టల్ మూసేస్తారు."

ఆవిడ విసుక్కుంది. కానీ ఎంత గూఢచారైనా పదేళ్లు లెక్చరర్‌గా చేసిన మనిషి. అటెండెన్స్ ఎక్కలేదంటే హెచ్‌ఓడీ వెంటనే అటెండర్ని తోలతాడని తెలుసు. ఎక్కించి తగలడు, ప్రళయం వచ్చినా నువ్వు మారవు అంది. ఓ కన్ను అతని స్క్రీన్ మీద వేసింది. అక్కడ రోల్ నంబర్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. నిశ్చింతగా తన స్క్రీన్ వైపు తిరిగింది.

అతను కొడుతున్నది పోర్టల్‌లో కాదు, క్యూలో. ఒక్కో రోల్ నంబరూ ఒక కొత్త సబ్‌స్టేషన్ పేరుగా వెళ్లి జాబితా చివర చేరుతోంది. తొంభై ఏడు. తొంభై ఎనిమిది. తొందరలో ఓసారి తప్పు కొట్టాడు, చెరిపి మళ్లీ కొట్టాడు. గడియారంలో పది సెకన్లున్నాయి. తొంభై తొమ్మిది. మూడు సెకన్లు. నూరు.

నాలుగైంది. ల్యాబ్‌లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేడమ్ స్క్రీన్ బిగుసుకుపోయింది.

"పిల్లలు కాపీ కొడితే పట్టుకోవడానికి ప్రతి మోడల్ ఆన్సర్లో ఓ తప్పు వదులుతాను," అన్నాడు ఏజెంటు. "నూరోది చేరగానే ప్రోగ్రామ్‌లో రెండు భాగాలు నువ్వు వదులు, నువ్వు వదులు అని ఒకదానికోసం ఒకటి కాచుక్కూర్చుంటాయి. డెడ్‌లాక్. నీ సబ్జెక్టే."

ఆవిడ మొహం పాలిపోయింది. "నాకు చెప్పలేదే."

"కాపీలు పట్టుకున్నాక ల్యాబ్‌లో చెప్పాను. పిల్లలందరికీ తెలుసు."

తలుపు తోసుకుని చీఫ్ మనుషులు వచ్చిపడ్డారు, కెమెరాలో అంతా చూస్తూనే ఉన్నారు. పిస్తోలు లాక్కున్నారు. ఆవిణ్ణి తీసుకెళ్తుంటే ఏజెంటు ఉండబట్టలేక అడిగాడు, ఒక్క ఆదివారమైనా తను గుర్తొచ్చాడా అని. ఆవిడ నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెళ్లిపోయింది. ఏడుపొచ్చింది అతనికి. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

చీఫ్ అతను తేరుకునేదాకా ఆగాడు. పక్కన కూర్చుని ప్రింటవుట్ తిరగేశాడు.

"ప్రోగ్రామ్ రాసినవాడు దొరికాడని రిపోర్టులో రాయాలి," అన్నాడు.

"రాయండి సార్. నా ఉద్యోగం?"

"గూఢచారి ఉద్యోగమైతే పోయినట్టే." చీఫ్ లేచి అతని భుజం తట్టాడు. "దిగులు పడకు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. రేపు తొమ్మిదింటికి ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు, ఖాళీగా ఉందట."