మూడో అంతస్తులో వేడి చెయ్యి

అమీర్‌పేటలో దెయ్యమనేది ఎక్కడున్నా సరే, అనుదీప్ టార్చి వెలుగుకు చలువ కళ్లద్దాలు కొనుక్కోవాల్సిందే! — ఈ మాట అన్నది అనుదీపే. అన్నది మాత్రం పట్టపగలు, చాయ్ బండి దగ్గర, చుట్టూ జనం ఉండగా.

ఆ బండికి ఎదురుగానే పాత కోచింగ్ సెంటర్. మూతపడి ఏళ్లయింది. చీకటి పడ్డాక మూడో అంతస్తుకు ఎవరైనా పోతే, వెనక నుంచి ఒక గొంతు మెల్లగా అడుగుతుందట... "డౌట్లేమన్నా ఉన్నయా?" అని. ఉన్నాయన్నవాడు దిగి రాలేదంటారు. లేవన్నవాణ్ని ఆ గొంతే ఎదురు ప్రశ్నలు అడుగుతుందట. అది ఇంకా ఘోరం.

పందెం రాగసుధ పెట్టింది. కాకినాడ అమ్మాయి, టార్చి ప్రాజెక్టులో అతని జోడీ. వేడెక్కితే ఎల్‌ఈడీకి కరెంటు తగ్గించే సర్క్యూట్ ఆమె పెట్టిందే. అది దండగ, పీకేద్దామని ఇతని గోల.

"పైన అరగంట ఫుల్ వెలుగు నిలబెట్టు, పీకేద్దాం. రేపు మన టార్చి చూడ్డానికొచ్చే పంజాగుట్ట కంపెనీవాళ్ల ముందు నువ్వే మాట్లాడు. తగ్గిందా... నేను మాట్లాడతా."

"జర చూస్తుండు. సూర్యుడు దిగిండనుకుంటవ్!"

ఆ రాత్రి టార్చికి చేతిరుమాలు చుట్టి మెట్లెక్కాడు. "గ్రిప్పు కోసం," అన్నాడు, ఎవరూ అడక్కముందే.

మూడో అంతస్తు. విరిగిన బెంచీలు... బోర్డు మీద సగం తుడిచిన లెక్క... గోడ మీది బల్లి కూడా మొహం తిప్పుకునేంత తెల్లటి వెలుగు. ఈల వేద్దామనుకున్నాడు. నోట్లో తడి లేదు.

కాసేపటికి — వెలుగు తగ్గింది.

బ్యాటరీయా? సాయంత్రమే నిండా చార్జింగ్ పెట్టాడు. రెండు గంటలు ఖాయం. మరి... ఈ వెలుగును తాగుతున్నదెవరు?

ఇంకా తగ్గింది. అతని అరచేతిని ఏదో పట్టుకుంది — వెచ్చగా... వేడిగా... గట్టిగా! ఎక్కడి నుంచో వేపాకు కమిలిన వాసన. చదివిన చదువంతా అతనికంటే ముందే మెట్లు దిగి వెళ్లిపోయింది.

వెనక అడుగులు... ఆగాయి.

"ఏంటి... డౌటా?"

అనుదీప్ వేసిన కేకకు మధురానగర్ హాస్టళ్లలో లైట్లు వెలిగాయంటారు. టార్చి గిరాటేశాడు. అది దొర్లింది, రుమాలు ఊడింది... వెలుగు మెల్లగా మళ్లీ పుంజుకుంది.

ఆ వెలుగులో రాగసుధ! కిటికీలో వెలుగు తగ్గడం కింద నుంచి చూసి, పైకొచ్చింది.

"దెయ్యం కాదు, నా సర్క్యూటే. వేడెక్కితే తగ్గించింది. రేపు నేనే మాట్లాడతా. కానీ ఇంత తొందరగా ఎందుకు వేడెక్కింది? ఈ అల్యూమినియం గొట్టానికి గాలి తగిలితే చల్లబడాలిగా..."

వంగి చూసింది. గాలి తగలాల్సిన గాడుల మీద పసుపు గుడ్డ. లోపల వేపాకులు. పైన బిగించి కట్టిన దారం.

"ఇదేంటి?"

"బల్కంపేట ఎల్లమ్మ గుడి కాడ... తాయెత్తు కట్టిచ్చిన."

రాగసుధ నవ్వాపుకుని, గుడ్డ విప్పి కళ్లకద్దుకుంది. "దెయ్యానికే చలువ కళ్లద్దాలన్నావుగా?"

"నేనైతే ధైర్యంగనే ఉన్న. గిది టార్చి కోసం."

ఆమె వెలుగును నెమ్మదిగా అతని పొడుగు చేతుల చొక్కా మీదికి తిప్పింది. అనుదీప్ కాసేపు బల్లి వైపు చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు.

"టార్చికి ఒక్కటే... నాకు మూడు."