బెలీజ్‌కి రెండు సీట్లు

“బెలీజ్‌లో వానలు ఎప్పుడు మొదలవుతాయి?”

సాల్మియాలో సగం దించిన ట్రావెల్ ఏజెన్సీ షట్టర్ కిందుగా వంగి లోపలికొచ్చిన ఇఫ్ఫత్ అడిగిన మొదటి మాట అది. బయట ఐస్‌క్రీమ్ పార్లర్ ముందు ఇరాకీ ట్యాంకు ఒకటి ఆగి ఉంది. కువైట్‌ని ఇరాక్ మింగి ఇరవై ఆరు రోజులైంది. ఊళ్ళో రొట్టె కోసం గంటల తరబడి క్యూలు. విమానాలు లేవు, ఇండియాకి ఫోన్లు లేవు. అలాంటి రోజున కరీబియన్ సముద్రపు ఒడ్డునున్న ఓ బుల్లి దేశంలో వానల సంగతి పిచ్చివాళ్ళకో గూఢచారులకో తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు.

“జూన్‌లో, మేడం,” అన్నాడు నూర్ బాషా. “గుహల్లో నీళ్ళు పెరుగుతాయి.”

కోడ్ సరిపోయింది. ఇఫ్ఫత్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

నూర్ బాషాది కడప జిల్లా రాయచోటి. ముప్పై ఎనిమిదేళ్ళు, బట్టతల, కొంచెం బొజ్జ. లోకానికి ట్రావెల్ ఏజెన్సీలో టికెటింగ్ క్లర్కు. ఢిల్లీలోని ‘ఆఫీసు’కి మాత్రం ఏజెంట్ నైన్. నవలల్లో గూఢచారులు ఎలా ఉంటారో అతనూ చదివాడు. ఒక్క పోలికా లేనందుకు లోలోపల సంతోషించేవాడు కూడా, ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా అతన్ని ఎవరూ రెండోసారి తిరిగి చూడలేదు.

ఇఫ్ఫత్‌ది హైదరాబాద్. ఆమెను మూడోసారి కూడా తిరిగి చూస్తారు. సెంట్ల కంపెనీలో మేనేజర్ అన్నది ఆమె కవర్. ఆమె మన మనిషేనని ఆఫీసు చెప్పింది, అతను నమ్మాడు. మే నెల నుంచి వారానికోసారి వచ్చి ఎదుట కూర్చునేది. బెలీజ్‌లో అడ్వెంచర్ హాలిడే ప్లాన్ చేసుకుంటున్న సంపన్నురాలు, ఓపిగ్గా బ్రోషర్లు చూపించే క్లర్కు. రహస్య సమాచారమంతా ఆ ఐటినరరీ కాగితాల్లోనే అటూ ఇటూ నడిచేది. కవర్ నిజంలా కనబడాలి కనక ఇద్దరూ ప్లాన్ కూడా నిజంగానే వేశారు. ట్యూబులో కూర్చుని గుహల గుండా పోయే నది, జాగ్వార్లు తిరిగే అడవి, సముద్రం నడుమ నల్లటి నీలంతో గుండ్రంగా ఉండే బ్లూ హోల్. రాయచోటి సందులకన్నా అతనికిప్పుడు బెలీజే బాగా తెలుసు. సామాను కూడా అతనే సింగపూర్ నుంచి తెప్పించాడు. నీళ్ళు చొరని పసుపు ప్లాస్టిక్ పెట్టెలు రెండు, డైవింగ్ గడియారం ఒకటి. “దీని అంచు చక్రం ఒకవైపే తిరుగుతుంది మేడం. పొరపాటున చెయ్యి తగిలినా టైమ్ తగ్గుతుందే గాని పెరగదు,” అని కాగితం చదివి మరీ వివరించాడు. ఆ రోజు నుంచి ఆ గడియారం ఆమె చేతికే ఉంది.

ఇఫ్ఫత్ కొత్త పేజీ ముందుకు తోసింది.

“డే వన్, జంగిల్ ట్రెక్. రేపు ఉదయం తొమ్మిదిన్నర, అల్ రాయ్ గోడౌన్ యార్డ్. టూరిస్టులు యాభై రెండు మంది. వాళ్ళలో స్పెషల్ గెస్ట్ ఒకరు. బస్సు కదిలేదాకా గైడ్ మీరు.”

అతనికి అర్థమైంది. ఇండియన్లను బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేర్చే బస్సు రేపు బయల్దేరుతుంది. స్పెషల్ గెస్ట్ పేరు మహేష్. అల్ రాయ్‌లో గోడౌన్ స్టోర్‌కీపర్. యుద్ధంలో రెండు పక్కలకూ ఆయుధాలమ్మే ఓ విదేశీ ముఠా పెట్టెలు ఆ గోడౌన్లోనే దిగేవి. పెట్టెల మీది పేర్లు, తెచ్చిన మనుషుల మొహాలు మహేష్ తలలో భద్రంగా ఉన్నాయి. ఆ తల ప్రాణంతో ఢిల్లీ చేరాలి. నూర్ బాషాకి ఆ బస్సు గురించి ఇంకో భయం కూడా ఉంది. ఫింటాస్‌లో పద్నాలుగేళ్ళుగా వంట చేస్తున్న అతని అక్క బషీరా బీ అదే బస్సులో పోతోంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే.

“గెస్ట్ ఏ వేషంలో వస్తాడు?” అడిగింది ఇఫ్ఫత్.

“అది గైడ్‌కి తప్ప తెలియకూడదు మేడం. ఆఫీసు రూలు.”

ఆమె నవ్వి తలూపింది. లేవబోతూ గొంతు తగ్గించింది. ముఠాకి బస్సు సంగతి తెలిసిపోయిందట. బాంబు పెడతారట. సిద్ధయ్య అనే తోటమాలి ట్రంకు పెట్టెలో అది వస్తోందని తనకి నమ్మకమైన కబురు అందిందట.

మర్నాడు ఉదయానికే అల్ రాయ్ ఎండకి మండిపోతోంది. కార్ల షోరూములన్నీ అద్దాలు పగిలి బోసిపోయాయి. గోడౌన్ల మధ్య యార్డులో పాత బస్సు ఒకటి, దాని చుట్టూ జనం. వెనక వైపు కనుచూపు మేర ఇసుక నేల.

ఊరికి పోయే కడప మనిషి తన సామాను ఒక్కటే మోసుకుపోవడం కువైట్‌లో ఎవరూ చూసి ఉండరు. పోలేని ప్రతివాడూ ఓ మూట తెచ్చి చేతికిస్తాడు. ఉత్తరం, మాటలు రికార్డు చేసిన క్యాసెట్, పిల్లకి గౌను. గుడ్డలో కుట్టి, పైన ఊరూ పేరూ రాసి, ఏ బస్సు దిగాలో, ఏ టీ అంగడి పక్క సందో నోటితో పదిసార్లు చెబుతాడు. కాదనడం ఉండదు, విప్పి చూడడం అంతకన్నా ఉండదు. బరువెక్కువైతే పక్కవాళ్ళతో పంచుకుంటారు. యుద్ధమొచ్చింది కదా అని ఆ రోజు మూటలేమీ తగ్గలేదు, నిజానికి రెట్టింపయ్యాయి.

ఇఫ్ఫత్ తెల్లటి కాప్రిస్ కారు బస్సు పక్కనే ఆపి, డిక్కీ తెరిచి, ప్రయాణికుల కోసం తెచ్చిన నీళ్ళ డబ్బాలు దింపిస్తోంది. తను కూడా బాగ్దాద్ దాకా వస్తున్నానని, కారులో ముందు వెళ్ళి చెక్‌పోస్టుల దగ్గర మాట్లాడతానని అందరికీ చెప్పింది. అందరూ దీవించారు.

నూర్ బాషా నేరుగా సిద్ధయ్య దగ్గరికి పోయాడు. కస్టమ్స్ తనిఖీ అని అబద్ధమాడి ట్రంకు పెట్టె మొత్తం నేల మీద గుమ్మరించాడు. చొక్కాలు, టార్చిలైటు, చెట్లు కత్తిరించే కత్తెర, పదిహేడు మూటలు. ఒక్కోటీ కుట్టు విప్పి చూశాడు. ఏమీ లేదు. ముసలి సిద్ధయ్య వంగి అన్నీ మళ్ళీ సర్దుకుంటుంటే అతనికి సిగ్గేసింది.

అప్పటికే బస్సు బయల్దేరాల్సిన టైమ్ దాటింది. గేటు దగ్గరి ఇరాకీ చెక్‌పోస్టు ఆఫీసర్ డ్రైవర్ పర్మిట్ తీసుకుపోయి ఇంకా తిరిగివ్వలేదు. ఇఫ్ఫత్ అతని దగ్గరికొచ్చింది.

“టైమెంత నూర్ భాయ్?”

“పదీ ఐదు.”

మళ్ళీ కాసేపటికి అదే అడిగింది. ఈసారి అతను ఆమె చేతివంక చూశాడు. మణికట్టు చుట్టూ గడియారం ఉండాల్సిన చోట తెల్లటి చార మాత్రమే ఉంది. చూశాడు గాని, బుర్ర ఇంకా ఆ ట్రంకు పెట్టెలోనే తిరుగుతోంది.

బషీరా బీ తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. “ఏంరా, ఆ సిద్ధయ్య మామ సామానంతా అట్ల చిందరవందర చేస్తివి? ఆయప్ప ఏం పాపం చేసినాడు?”

ఏదో సర్ది చెప్పాడు. ఆమె వినకుండా తన గోడు తను చెప్పుకుపోయింది. తనకి ఇరవై మూటలయ్యాయట. అవి చాలక పొద్దున తొమ్మిదిన్నరకి ఇఫ్ఫత్ మేడం కూడా ఒకటి తెచ్చి చేతిలో పెట్టిందట. బంగారం లాంటి మనిషట గాని, పద్ధతి తెలియదట.

“పద్ధతంటే?”

“ఎవురికియ్యాల అంటే, కడపలో ఎవురో వచ్చి తీసుకుంటారు అనె. పేరు ల్యా, ఊరు ల్యా. పైన ఏమీ రాయల్యా. అట్ల యాడన్నా ఇస్తారా మూట?”

నూర్ బాషా ఆమెకి దగ్గరగా జరిగాడు. “లోపలేముంది అక్కా?”

“నేనెందుకు చూస్తా? ఒక మూల కుట్టు ఊడిపోయింటే పసుప్పచ్చ డబ్బా అగుపించె.”

పసుపు డబ్బా. తెల్లటి చార. తను తెప్పించిన పెట్టెలో బాంబు, దానికి టైమర్‌గా తను తెప్పించిన గడియారం. ముఠా మనిషి ఇఫ్ఫతే. చక్రం పూర్తిగా తిప్పినా అరవై నిమిషాలే. తొమ్మిదిన్నరకి ఇచ్చిందంటే పదిన్నర దాటదు. మహేష్ ఏ వేషంలో ఉన్నాడో తను చెప్పలేదు, అందుకే ఇఫ్ఫత్ యాభై రెండు మందినీ లెక్కలోకి తీసుకుంది. తనను సిద్ధయ్య మీదికి తోలి, అదే సమయానికి తన అక్క చేతిలోనే మృత్యువును పెట్టింది. అతను గడియారం చూసుకున్నాడు. పదీ ఇరవై ఒకటి.

“ఆ మూట యాడుందక్కా?”

“నాకు బరువైతే సిద్ధయ్య మామకిచ్చినా. నువ్వు సోదా చేసినంక ఆయన పెట్టెలో జాగా అగుపించె.”

తను వెతికి వదిలేసిన పెట్టెలోకే అది వచ్చి చేరింది. నూర్ బాషా పరుగెత్తాడు. సిద్ధయ్య నింపాదిగా తలెత్తాడు. “అదా? నువ్వు కుట్లన్నీ ఇప్పేస్తివి కదా నాయనా, ఇంగ నా పెట్టె మూతపడల్యా. సంజీవమ్మకిచ్చినా.”

సంజీవమ్మ అప్పటికే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పక్కన, పంటి నొప్పని దవడకి గుడ్డ కట్టుకుని, గుండు చేయించుకున్న వంటవాడొకడు తల వంచుకుని కూర్చున్నాడు. అతనే మహేష్. జనాన్ని తోసుకుంటూ పోయి ఆమె ముందు వంగాడు నూర్ బాషా. బస్సు దిగండని కేకపెడదామా అంటే, గేటు దగ్గర తుపాకులు పట్టుకున్న సైనికులు యాభై రెండు మంది ఒక్కసారి పరుగెత్తితే ఏం చేస్తారో అతనికి తెలుసు. పదీ ఇరవై నాలుగు.

“సంజీవమ్మత్తా, సిద్ధయ్య మామ ఇచ్చిన మూట?”

“ఆ మూటా,” అంది సంజీవమ్మ. “ఆ మేడం మన తెలుగామెనే అంట కదప్పా. అంత పెద్ద కారు, డిక్కీ చూస్తే గవ్వ సామాను లేదు. ఊరికి పోతా వట్టి చేతులతో పోతే బాగుంటుందా? నీళ్ళ డబ్బాలు దించుకునేటప్పుడు దాంట్లో పెట్టి మూతేసినా. నా పచ్చడి సీసాలు గూడా రెండు పెట్టినా.”

కిటికీలోంచి చూశాడు. కాప్రిస్ కారు బస్సుకి పది అడుగుల దూరంలో ఉంది. ఇఫ్ఫత్ స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పుతోంది.

ఎలా దిగాడో అతనికే తెలియదు. కారు డ్రైవర్ వైపు తలుపు పట్టుకున్నాడు.

“మేడం, దిగండి. తాళాలివ్వండి, కారు నేను ఇసుకలోకి తోలుకుపోతాను. మీ పెట్టె మీ డిక్కీలోనే ఉంది.”

ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఒళ్ళో చేతిరుమాలు కింద చిన్న పిస్టల్ మూతి కనిపించింది.

“బాగా చెప్పారు,” అంది. “నేను దిగితే పట్టుకోవచ్చు. మూట మీ అక్క చేతికి నేనే ఇచ్చాను నూర్ భాయ్. బస్సు కదలాలి గాని మూట ఎక్కడికి పోతుంది?”

“మనవాళ్ళ సంగతి మీకు తెలియదు మేడం. వట్టి చేతులతో పోతున్నారని జాలిపడి మీకే ఇచ్చారు. ఖురాన్ మీద ఒట్టు, నిజం చెబుతున్నాను.”

నాలుగు నెలల్లో అతను ఆమెతో మాట్లాడిన మొదటి సూటి మాట అది. ఆమె వృత్తిలో అలాంటి మాటలు నమ్మరు. ఇఫ్ఫత్ జాలిగా నవ్వి యాక్సిలరేటర్ నొక్కింది. తలుపు పట్టుకుని పదడుగులు ఈడ్చుకుపోయి పడ్డాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. కారు గేటు తప్పించి, వెనక ఇసుక బాట పట్టి, దుమ్ము రేపుకుంటూ దూరమైంది. ఆగమని అరిచాడు. తనకి ఏం కావాలో ఆ క్షణాన అతనికే తెలియలేదు. కారు పోవాలి, ఆమె దిగాలి, రెండూ కావాలి.

పదీ ఇరవై ఎనిమిదికి ఆ దుమ్ములో నారింజరంగు మెరుపు ఒకటి లేచింది. తర్వాత చప్పుడు. బస్సు అద్దాలు గలగలలాడాయి గాని పగల్లేదు. సైనికులంతా అటు పరుగెత్తారు. ఆ హడావిడిలో ఆఫీసర్ పర్మిట్ కాగితం డ్రైవర్ మొహాన విసిరి, “యల్లా, యల్లా,” అంటూ బస్సుని కదలమని అరిచాడు.

బస్సు కదిలింది. యాభై రెండు మందీ ఉన్నారు. దవడకి గుడ్డ కట్టుకున్న మనిషి నూర్ బాషా వంక చూసి కనుబొమ లేశమాత్రం ఎత్తాడు. బషీరా బీ కిటికీలోంచి చెయ్యి చాపి తమ్ముడి తల నిమిరింది. ఏదో బండి పేలిందని మాత్రమే ఆమెకు తెలుసు.

“మేడం ముందే వెళ్ళిపాయ. ఆయమ్మ మూట చేతులు మారి యాడికి పాయనో ఏమో. కడపలో వాళ్ళోళ్ళు వస్తే నేను ఏమని చెప్పాల్రా?”

“అది చేరాల్సినోళ్ళకే చేరిందక్కా. నువ్వు దిగులు పడాకు,” అన్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత షోరూము గోడ చాటుకి పోయి ఏడ్చాడు, అక్క బతికినందుకు కొంత, ఇంకో మనిషి కోసం కొంత.

మధ్యాహ్నం సాల్మియాలో సగం దించిన షట్టర్ కింద నుంచి దూరి తన సీటులో కూర్చున్నాడు. బెలీజ్ ఫైలు తీశాడు. మొదటి ప్రయాణికురాలి పేరు అందమైన చేతిరాతలో ఉంది. రెండో గడి మే నెల నుంచీ ఖాళీ. అందులో తన పేరు రాసి చూసుకోవాలని ఒకట్రెండు సార్లు అనిపించిన మాట నిజం. బ్లూ హోల్ బొమ్మ కాసేపు చూసి, మూసి, క్యాన్సిలేషన్ ఫారం టైపు మిషన్‌లో పెట్టాడు.

గమ్యం: బెలీజ్. ప్యాకేజీ: అడ్వెంచర్. సీట్లు: రెండు.

రద్దుకు కారణం అన్నచోట చెయ్యి ఆగింది. ఏజెంట్ నైన్ తొమ్మిదేళ్ళలో ఆఫీసుకి పంపిన నివేదికల్లో ఇంతకన్నా చిన్నది, ఇంతకన్నా నిజమైనది ఇంకోటి లేదు.

‘ప్రయాణికురాలికి సామాను ఎక్కువైంది.’