గుండిగ మీద పేరు

“‘కొత్తపేట కారం’ బ్లాగు రాసేది ఎవరు?”

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ఎదురుగా, మేడ మీది ఇంటర్నెట్ సెంటర్లో పన్నెండు తలలూ ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. వానలో నిలువునా తడిసిన ఒకమ్మాయి. చేతిలో మూసిన గొడుగు. తడుస్తూ కూడా గొడుగు విప్పలేదంటే, దాన్ని వేరే పనికి తెచ్చిందని నాకప్పుడే తెలిసుండాల్సింది.

“గట్లాంటోళ్లు ఈడ ఎవరు లేరు మేడం,” అన్నాను.

ఆమె నన్ను పట్టించుకోకుండా నా పక్క కిటికీలోంచి కిందికి చూసింది. సందులో పట్టాభి మెస్. బోర్డు వంకరగా వేలాడుతోంది. కౌంటర్‌కి అద్దం లేదు. బ్యాగులోంచి నా బ్లాగు పేజీ ప్రింటు తీసి, అందులోని ఫోటోని సందుతో పోల్చి చూసింది.

“ఇక్కడ కూర్చునే తీశారు. ఈ కుర్చీ ఎవరిది?”

పదకొండు తలలు నా వైపు తిరిగాయి. స్నేహితులంటే అలా ఉండాలి.

“నాదే. నా పేరు శైలేందర్. ఏందిప్పుడు?”

“నేను భావన. ఆ మెస్ పట్టాభి గారి అమ్మాయిని. మా నాన్న అరచేతికి ఆరు కుట్లు పడ్డాయి. అదీ ఇప్పుడు!”

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజులవి. నాకు ఒళ్ళంతా కోపమే. మూడేళ్ళుగా గ్రూప్స్‌కి చదువుతున్నా ఉద్యోగం జాడ లేదు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా ఐదెకరాలు ప్లాట్లయిపోతే, మా నాయన బుచ్చయ్య అదే భూమికి గేటు దగ్గర వాచ్‌మన్ అయ్యాడు. ఆ కోపమంతా పేరు పెట్టకుండా బ్లాగులో రాసేవాణ్ణి. రోజుకి తొమ్మిది వేలమంది చదివేవారు. పొద్దున నేను రాసిన వాక్యం సాయంత్రానికి ఎల్బీనగర్ దీక్షా శిబిరంలో మైకులో వినబడేది. తలకెక్కదూ మరి?

బంద్ రోజు పొద్దున ఈ కిటికీలోంచి చూస్తే మెస్ షట్టర్ సగం లేచి ఉంది. వందమందికి అన్నం వండే పెద్ద గుండిగ ఒకటి ఆటో ఎక్కుతోంది. ఫోటో తీసి, “బంద్ నాడు కూడా బిజినెస్సే. ఈ బోర్డు గుర్తుపెట్టుకోండి” అని రాశాను. ఎవరినీ ఏమీ అడగలేదు. సాయంత్రం ఎవరో “గుర్తుపెట్టుకున్నం అన్నా” అని కామెంట్ పెడితే, మెచ్చుకున్నాడనుకున్నాను. మెస్ మీద రాళ్ళు పడ్డాయని తరవాత తెలిసింది.

“రాళ్లు నేను ఎయ్యలే,” అన్నాను భావనతో.

“వేసేవాళ్ళకి అడ్రస్ ఇచ్చారు కదా.”

“మా భూములు పోయినయి, నౌకర్లు పోయినయి. ఒక్క అద్దం పగిలితే గింత లొల్లి జేస్తున్నవ్!”

“మీ భూమి మా నాన్న కొన్నాడా? నీ ఉద్యోగం నేను లాక్కున్నానా? నేను పుట్టింది గడ్డిఅన్నారంలో, చదివింది సరూర్‌నగర్లో. నన్ను పొమ్మంటే ఎక్కడికి పోవాలో అది కూడా నువ్వే రాయి!”

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఆ కళ్ళు బాగున్నాయని అంత గొడవలోనూ అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

“అదే రోజు వంటావార్పు ఫోటో కూడా పెట్టావు కదా, తెరువు.”

తెరిచాను. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యి, గుండిగలో పొగలుగక్కే అన్నం, వరసగా విస్తళ్ళు. అందులో ఒకటి నాది.

“పెద్దది చెయ్యి. గుండిగ అంచు చూడు.”

అందరిళ్ళలో గిన్నెల మీద ఉన్నట్టే, చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లు. పట్టాభి, కోటేశ్వరమ్మ.

“శిబిరం నడిపే లచ్చయ్య గారొచ్చి వంటకి గిన్నె కావాలంటే, నాన్న షట్టర్ ఎత్తి ఇచ్చాడు. బియ్యం కూడా ఇచ్చాడు. పొద్దున మా మీద రాసి, మధ్యాహ్నం మా అన్నమే తిన్నావు.”

ఆ రోజు నేను మూడుసార్లు పెట్టించుకున్నాను.

“పోస్ట్ తీసేస్తా,” అన్నాను.

“తీసేస్తే కుట్లు పోతాయా? నీ పేరు పెట్టి తప్పని రాయి. ఆదివారానికి నాన్న లారీ మాట్లాడాడు, మెస్ మూసేసి తెనాలి వెళ్ళిపోదామంటున్నాడు. అమ్మ నోట మాటే లేదు.”

“పేరు పెడితే పోలీసోళ్లు ఇంటికొస్తరు.”

“మా ఇంటికి ఎవరొచ్చారో తెలుసుగా.”

గొడుగుతో బల్ల మీద ఒక్కటేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే రాశాను. “అడగకుండా అబద్ధం రాశాను. నా పేరు శైలేందర్, బుచ్చయ్య కొడుకుని.” రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టాను. గంటలో మూడొందల కామెంట్లు. అమ్ముడుపోయావన్నారు, ద్రోహి అన్నారు. నేను నేర్పిన మాటలతోనే నన్ను తిట్టారు. పోలీసులూ వచ్చి పేరు రాసుకుపోయారు.

గుండిగ ఇంకా శిబిరం వెనకే బోర్లించి ఉంది. రాళ్ళ సంగతి తెలిశాక తిరిగివ్వడానికి లచ్చయ్యకి మొహం చెల్లలేదు. నేనే ఇంటికి తీసుకెళ్ళాను. మా అమ్మ యాదలక్ష్మి కథంతా విని, చింతపండుతో తోముతున్నంతసేపూ నన్ను తిట్టింది.

“తీస్కపోతా ఇగ,” అన్నాను.

“అన్నం బెట్టినోళ్ల గిన్నె ఖాళీగ తిరిగిస్తర్రా ఎవరన్న? సిగ్గులేదా?”

ఇంట్లో ఉన్న బియ్యమంతా అందులో పోసింది. పైన బతుకమ్మకి రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పెట్టింది.

ఆదివారం మెస్ ముందు లారీ. సామాను సగం ఎక్కింది. పట్టాభి గారు చేతికి కట్టుతో కుర్చీలో కూర్చున్నారు. గుండిగ దించి, దాన్ని మా అమ్మ పంపిందనీ, రాసింది నేనేననీ అందరి ముందూ చెప్పాను.

“చదివాంలే. మా అమ్మాయి కామెంట్లతో సహా వినిపించింది,” అన్నారాయన.

“కొట్టాలనిపిస్తే కొట్టుండ్రి సార్.”

“చెయ్యి బాగుంటే అదే పని చేసేవాణ్ణి.”

కోటేశ్వరమ్మ గారు మూత తీశారు. లోపలి బియ్యం చూసి, మలీద కొంచెం తుంచి నోట్లో వేసుకున్నారు. “ఏవండీ,” అన్నారు, గొడవ జరిగాక మొదటిసారిగా. “ఈ పిల్లాడి తల్లి వండుకోమని బియ్యం పంపింది. సామాను దించమనండి.”

పట్టాభి గారు ఆవిడ మొహం చూసి, లారీ డ్రైవర్‌కి చెయ్యి ఊపారు.

భావన నావైపు తిరిగింది. కోపం రవ్వంత కూడా తగ్గలేదు. “చూస్తావేం? దించు.”

మధ్యాహ్నం దాకా దించాను.

తరవాత రెండేళ్ళకి పైగా ఆ మెస్‌లోనే తిన్నాను. ఏ పోస్టైనా ముందు భావనకి చూపించాల్సిందే. “అడిగావా? ఎవరిని అడిగావు?” అని వాక్యం వాక్యానికీ కొట్లాడేది. తొమ్మిది వేలమంది రెండు వేలయ్యారు. కానీ ఆ రెండు వేలమందీ నా మాట నమ్మేవారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది, వానాకాలంలో, మెస్‌కి కొత్త గుండిగ కొనడానికి ఇద్దరం కొత్తపేటలో స్టీలు సామాన్ల షాపుకెళ్ళాం. పేర్లు కొట్టే మట్టయ్య మిషన్ పట్టుకుని, “ఏం పేర్లు?” అన్నాడు.

“భావన, శైలేందర్ అని కొట్టు మట్టన్నా,” అన్నాను.

ఆమె గిర్రున తిరిగింది. “అడిగావా? ఎవరిని అడిగావు?”

“మీ నాన్నను పొద్దుగాల్నే అడిగిన. చెయ్యి బాగైందని చూపెట్టి, సరే అన్నడు.”

“మరి నన్ను?”

“గిప్పుడు అడుగుతున్న.”

గొడుగు పైకి లేచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

“స్టీలు మీద పడ్డాక తీసెయ్యడానికి ఉండదు. తెలిసే అడుగుతున్నావా?”

“తెలిసే అడుగుతున్న.”

కోపంగానే చూసింది. తరవాత గొడుగు దించి, మట్టయ్యతో అంది.

“కొట్టండి. ముందు నా పేరు.”