రోతమందు

పెన్నా ఎండిపోయి రెండు తరాలు గడిచాక కట్టుకున్న ఊరు పెన్నేటి నగరం. అక్కడ కుళాయి తిప్పితే ముందు నీళ్ళు రావు, మాటలొస్తాయి. "నమస్కారం. ఈ నీరు మళ్ళీ మీ ఇంటికి వచ్చినందుకు మాకెంతో సంతోషం" అంటుంది ఒక తియ్యటి ఆడగొంతు. ఆ తర్వాతే ధార. ఆ 'మళ్ళీ' వెనక ఏముందో తలుచుకుంటే ముద్ద దిగదు. తలుచుకునేవాళ్ళు ఉంటే గదా!

ఆదివారం పొద్దున చౌడేశ్వరి వాకిట్లో నిలబడి చూస్తుండగానే ఆరేళ్ళ కూతురు మోక్ష చేతిలోని జిలేబి జారి మురుగుకాలువ అంచున పడింది. అంచున అనడం మర్యాద కోసం. సగం ఆ నల్లటి బురదలోనే దిగబడింది. పిల్ల వంగి తీసింది, గౌనుకి అటూ ఇటూ తుడిచింది, నోట్లో వేసుకుంది. పక్కింటావిడ అంతా చూసి, "జిలేబి బాగుండాదా పాపా?" అని అడిగి లోపలికి పోయింది.

చౌడేశ్వరి 'ఛీ' అనబోయి నోరు మూసుకుంది. అని ఏం లాభం? పిల్ల తాగేది కుళాయి నీళ్ళు. ఆ నీళ్ళలో రోతమందు ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ మందు కథ ఆ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నగరానికి కొత్త నీళ్ళు ఎక్కణ్ణుంచీ రావు. స్నానాల గదిలో పారినవీ, వంటింట్లో పారినవీ, మరుగుదొడ్లో పారినవీ అన్నీ గొట్టాల్లో కలిసి నీటి కంపెనీకి చేరతాయి. అక్కడ సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి, మెంబ్రేన్ అనే సన్నటి పొరలు మిగిలిన మురికిని వడకడతాయి, అతినీలలోహిత కాంతి క్రిముల్ని చంపుతుంది. చివర ఇంత క్లోరిన్ కలిపి మళ్ళీ కుళాయిలోకి వదులుతారు. మొదట్లో ఆ నీళ్ళు వానచినుకంత శుభ్రంగా ఉండేవి. అయినా జనం ముట్టుకోలేదు. "ఎవడి దొడ్డినీళ్ళో మేం తాగాల్నా?" అని బిందెలతో తెచ్చి కంపెనీ గేటు ముందు పారబోశారు. ఊరు ఖాళీ అయ్యేలా ఉంది.

అప్పుడు డాక్టర్ పెన్నోబిలేసు ఒక అణువును తయారు చేశాడు. మన మెదడులో ఇన్సులా అనే మడత ఒకటుంది. కుళ్ళు కనబడినా, కంపు తగిలినా మొహం చిట్లించేలా చేసేది అదే. ఆ అణువు అక్కడికి పోయి రోతను నిద్రపుచ్చుతుంది. ఆయన దానికి జుగుప్సాహారి అని ఘనమైన పేరు పెట్టాడు. జనం ముద్దుగా రోతమందు అన్నారు. నీళ్ళలో మందు కలిపామని కంపెనీ చాటింపు వేసిన వారానికే ఊరంతా కుళాయిల దగ్గర బిందెలు పెట్టింది.

అయితే అందరి రోతా నిద్రపోతే నీళ్ళు పాడైనా పసిగట్టేదెవరు? అందుకని కంపెనీ ఒక మనిషిని పెట్టుకుంది. ఆ మనిషి చౌడేశ్వరి. హోదా పేరు ఘ్రాణ పరీక్షకురాలు. ఊళ్ళో పేరు ముక్కమ్మ. ఆమెకు మాత్రం కంపెనీవాళ్ళు దూరపు బోరు నుంచి ఒక్క మనిషికి సరిపడా నీళ్ళ క్యాన్లు తెప్పించి ఇస్తారు. బయట నీటిచుక్క ముట్టకూడదని షరతు. ఊరికంతటికీ మిగిలిన ఒకే ఒక్క 'ఛీ' ఆమె దగ్గరుంది.

ఆ ముక్కుకు ఏడాదిగా నరకమే. మెంబ్రేన్లు చిరిగిపోయాయి. నీళ్ళు తొట్టెలోకి దిగుతుంటేనే గవులు కంపు కొడుతున్నాయి. బడిపిల్లలకు వాంతులు, విరేచనాలు. అయినా ఒక్కరూ నీళ్ళ వంక అనుమానంగా చూడరు. ఒక్క నీళ్ళేనా? కాలువ పక్కనే దోసెల పెనం, పెనం పక్కనే చచ్చిన పందికొక్కు, నడుమ బల్లేసుకుని లొట్టలేస్తూ తినే జనం! లంచం మేసినవాడికి పూలదండలు వేస్తున్నా ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. ఎవరి కంపు వారికి ఇంపు అంటారు. ఈ ఊళ్ళో అందరి కంపూ అందరికీ ఇంపే.

మెంబ్రేన్లు మార్చమని ఆమె పై అధికారి మస్తాన్ వలీ దగ్గర ఎన్నోసార్లు మొత్తుకుంది. ఆయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు.

"ఫిర్యాదు ఒక్కటన్నా వచ్చిందా ముక్కమ్మా?"

"ఎట్లొస్తుంది సార్? మందు పెట్టి ముక్కులు మూసినారు గదా."

"మరింకేం! తాగేటోళ్ళు తాగుతాండారు. మధ్యలో నీకేం నొప్పి?" అంటూ పళ్ళలోంచి తీసిన పీచును బల్లకు రాశాడు. అదే బల్లమీద ఆయన టిఫిన్ డబ్బా తెరిచి ఉంది. చౌడేశ్వరి అక్కడ నిలబడలేక బయటికొచ్చేసింది.

జిలేబి తిన్న మధ్యాహ్నమే మోక్షకు జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. రెండు రోజులు పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే చౌడేశ్వరి ఒక నిశ్చయానికొచ్చింది. తనొక్కతే అరిస్తే ఎవరూ వినరు. మందు ఆపించాలి. వారం రోజులు రోత మేలుకుంటే చాలు, ఊరే బిందెలతో వచ్చి వలీ మెడలు వంచుతుంది. మోక్షకు కూడా ఏది తినాలో ఏది తినకూడదో తెలిసొస్తుంది. మందు కలిపే గది తాళం పెన్నోబిలేసు గొంతు వింటేనే తెరుచుకుంటుంది. కాబట్టి ఆయన్నే పట్టుకోవాలి. జ్వరం దిగగానే పిల్లను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి పోయింది.

గడపలో అడుగు పెడుతూనే ఈగలు ముసురుకున్నాయి. మూలన పాచిపోయిన గిన్నెల గుట్ట, మంచం కింద పిల్లి ఎప్పుడో కక్కిన కుప్ప. వీటి మధ్య ఆ పెద్దాయన పడక్కుర్చీలో హాయిగా కూర్చుని ఉన్నాడు. చౌడేశ్వరి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి, పెద్దాయన నొచ్చుకుంటాడని దించేసింది.

"ఏమ్మా చౌడేశ్వరీ, బాగుండావా? పాప చిక్కిపోయింది గదా. ఉండు, నన్నారి కలుపుకొస్తా."

ఆయన రెండు గ్లాసుల్లో షరబత్తు తెచ్చి పెట్టాడు. ఆమె వచ్చిన పని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

"ఒక్క వారం ఆపండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా. నా బిడ్డ బురదలో పడింది ఏరుకుని తింటాంది."

పెన్నోబిలేసు పడక్కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆపడానికి మందు యాడుందమ్మా?"

"అంటే?"

"అది క్లోరిన్ తగిలితే విరిగిపోతుంది. ప్రయోగశాల నీళ్ళలో క్లోరిన్ లేదు, అందుకని అక్కడ బాగా పనిచేసింది. గొట్టాల్లోకి వదిలినాక ఒక్క అణువు కూడా ఇల్లు చేరలే. మొదటి నెల్లోనే నాకు తెలిసింది. వలీకి కూడా చెప్పినా. అప్పటికే జనం నవ్వుతా తాగుతాండారు. గమ్మునుండు సార్, అన్నాడు. గమ్మునున్నా. ఆ గదిలో ఉండేది ఉత్త నీళ్ళే."

"మరి జనానికి రోత ఎట్ల పోయింది?"

"పోయిందని మేం చెప్పినాం. వాళ్ళకీ అదే కావాల. రోత పడితే ఊరికే ఉండలేం గదమ్మా, ఏదో ఒకటి చేయాల్సొస్తుంది. మందుందంటే ఆ బాధ లేదు. మొదట్లో ఊరికే ఓర్చుకున్నారు. ఆనక అలవాటైపోయింది."

"పెద్దోళ్ళ సంగతి సరే సార్. నా బిడ్డకేం తెలుసు? అది పుట్టినప్పట్నుంచీ ఇట్లనే ఉంది."

"రోత పుట్టుకతో రాదు తల్లీ. పసిబిడ్డ పెంటనైనా నోట్లో పెట్టుకుంటుంది. అప్పుడు అమ్మ మొహం చిట్లించి, ఛీ, కక్క, అంటుంది. బిడ్డ ఆ మొహం చూసి నేర్చుకుంటుంది. ఇన్సులా ఉంటే చాలదు, దాన్ని లేపాల. నువ్వు ఈ పాప ముందర ఎప్పుడన్నా ఛీ అన్నావా?"

చౌడేశ్వరి గుర్తు చేసుకుంది. మోక్ష పాకే వయసులో చీపురుపుల్ల చప్పరించినప్పుడు అనబోయి మానుకుంది. చచ్చిన బొద్దింకను చేత్తో పట్టుకొచ్చినప్పుడు మానుకుంది. మొన్న జిలేబికీ మానుకుంది. మందు తాగే పిల్లకు చెప్పి ఏం లాభమని ప్రతిసారీ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఊరికంతటికీ ఉన్న ఒక్క 'ఛీ'నీ జీతానికి కంపెనీ తొట్టెల దగ్గర వాడిందే తప్ప, ఇంట్లో ఒక్కసారైనా నోటి నుంచి రానియ్యలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇక ఆగదు. రేపే బజార్లో నిలబడి మందు లేదని అరుస్తుంది. వలీని నిలదీస్తుంది. వాటన్నిటికంటే ముందు బిడ్డకు నేర్పుతుంది. ఇంటికి పోగానే కాలువ చూపించి మొహం చిట్లించి చెబుతుంది. ఎలా చెప్పాలి? గట్టిగా అంటే పిల్ల జడుసుకుంటుందేమో. మెల్లగా అంటే వినదేమో. ఆ ఆలోచనలోనే ఆమె చెయ్యి గ్లాసు అందుకుంది. షరబత్తులో ఈగ పడి కొట్టుకుంటోంది. ఆమె వేలు ముంచి దాన్ని తీసి, నేలమీదికి విదిలించి, గడగడా తాగేసింది.

ఆఖరి గుక్క దిగాక తల ఎత్తితే మోక్ష తననే చూస్తోంది. పిల్ల గ్లాసులోనూ ఒక ఈగ ఉంది. ఏం చెయ్యాలో తెలియక తల్లి మొహంలోకి చూస్తున్నట్టుంది. చౌడేశ్వరి 'ఛీ' అనడానికి నోరు తెరిచింది గానీ, ఖాళీ గ్లాసు ఇంకా తన చేతిలోనే ఉంది.

మోక్ష కాసేపు చూసి, వేలితో ఈగను తీసి పక్కన పడేసి, షరబత్తు తాగేసింది. "తియ్యగుండాది మా" అంది.